తెల్లడబ్బా కింది శుభలేఖ

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల్లో గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, ప్రొద్దుటూరు మొత్తం మీద నా అంత వేగంగా తెలుగు టైపు చేసేవాడు లేడని. రెండోది, నా మనసులో ఉన్నది నేను నోరు తెరిచి చెప్పేదాకా ఎవరికీ తెలియదని. మొదటి నమ్మకం ఆరు నెలలు నిలిచింది (తర్వాత పక్క సందులో ఇంకో డీటీపీ సెంటరు తెరిచారు). రెండోది ఎలా పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రాష్ట్రం రెండుగా విడిపోయిన కొత్తల్లో, డిగ్రీ పూర్తిచేసి, జమ్మలమడుగు నుంచి రోజూ బస్సెక్కి ప్రొద్దుటూరు వచ్చి, శుభలేఖలు అచ్చువేసే ఒక చిన్న సెంటర్లో పనిచేసేవాణ్ని. యజమానిని అందరం బార్డరు మామ అనేవాళ్లం. కార్డు చుట్టూ అంచు ఎంత వెడల్పుగా ఉంటే ఆ కాపురం అంత చల్లగా ఉంటుందని ఆయన సిద్ధాంతం. అక్షరాలకు చోటు చాలకపోతే మేనమామల పేర్లు తగ్గించమనేవాడు గానీ, అంచును మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు. నాతోపాటు ఇంకో ఆపరేటరు ఉండేది. ముద్దనూరు నుంచి వచ్చేది కాబట్టి ఆమె ముద్దనూరు పాప. ఆమె కుర్చీకీ నా కుర్చీకీ మధ్య ఒక ప్రింటరు ఉండేది. ఆ ప్రింటరంటే నాకు ఎంత కోపమో చెప్పలేను.

మా సెంటర్లో కొత్త ఫైలు తెరవడమనే మాటే లేదు. షాపు పెట్టిన రోజు చేసిన మొదటి కార్డు ఫైలుకు మామ 'లక్ష్మి' అని పేరు పెట్టాడు. దాంతోనే షాపు నిలబడిందని ఆయన నమ్మకం. అందుకని ఆ తర్వాత వచ్చిన ప్రతి కార్డూ అందులోనే చేయాలి. పైగా ఇంకో నియమం. "పెండ్లి పేర్లు తుడపగూడదురా అబ్బీ. ఒకతూరి జంటగా రాసినాక విడదీసేకి మనమెవురం?" అనేవాడు. కాబట్టి పాత జంట మీద తెల్లటి డబ్బా ఒకటి గీసి, దాని మీద కొత్త జంట పేర్లు టైపు చేసేవాళ్లం. తర్వాతి వారం వాళ్ల మీద ఇంకో డబ్బా. నిఖా కార్డు వస్తే వినాయకుడి మీద డబ్బా వేసి నెలవంక పెట్టేవాళ్లం. మళ్లీ హిందువుల పెళ్లి వస్తే నెలవంక మీద డబ్బా, ఆ పైన ఇంకో వినాయకుడు. పైకి కనిపించేది ఒక్క కార్డే. కింద ఏడెనిమిదేళ్ల పెళ్లిళ్లు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉండేవి.

బేరాల్లేని ఒక ఆషాఢ మధ్యాహ్నం, మామ కునుకు తీస్తున్నాడు, ముద్దనూరు పాప భోజనానికి లేచింది. లక్ష్మి నా ముందు తెరిచి ఉంది. నాకు ఏ బుద్ధి పుట్టిందో, తెల్లడబ్బా ఒకటి గీసి, వరుడి చోట నా పేరూ వధువు చోట ఆమె పేరూ టైపు చేశాను. ఇరవై రెండేళ్ల వయసులో నాకు చేతనైన సాహసం అంతే. ఆ రెండు పేర్లకు ఫాంటు ఎంచుకోవడానికే అరగంట పట్టింది. వేదిక, ముహూర్తం మాత్రం ఖాళీగా వదిలేశాను. అసలు ఆమెనే అడగనివాడికి ముహూర్తమెక్కడిది? బయట చెప్పుల చప్పుడు వినగానే ఇంకో డబ్బాతో కప్పేశాను. తుడిచేస్తే పోయేది, నిజమే. కానీ మామ నియమం ఒకటుంది కదా! (ఆయన నియమాల్లో నేను మనస్ఫూర్తిగా పాటించింది అదొక్కటే.)

ఆ శ్రావణంలో అనుకుంటాను, ఆమె ఒకసారి ప్రింటరు మీదుగా వంగి, "ఏమప్పా, ఊరందరి పెండ్లి కార్డులు చేస్తాండావు. నీ కార్డు ఎట్లుండాలని ఎప్పుడన్నా అనుకున్యావా?" అని అడిగింది. ఎంత చక్కటి ప్రశ్న! నేను గొంతు సర్దుకుని, "లావు అక్షరాల ఫాంటు పెడతా" అన్నాను. ఆమె "నిన్ను ఏదడిగినా ఫాంటు మాటే చెప్తావు" అని తన తెర వైపు తిరిగిపోయింది. నేను మాత్రం ఇంకా రెండు ఫాంట్ల పేర్లు చెప్పాను.

మాఘమాసంలో ఆమె తన పెళ్లి కార్డులో వేయాల్సిన వివరాలు చేత్తో రాసుకుని తెచ్చింది. వరుడిది పులివెందుల. కాగితం నా చేతికే ఇచ్చి, "నువ్వే చెయ్యప్పా, బిరీన అయిపోతాది" అంది. నేను దాన్ని రెండుసార్లు చదివాను. ఏదో ఒకటి చెప్పాలనిపించింది. ఏం చెప్పానో మీరే ఊహించగలరు. "ఏ ఫాంటు పెట్టమంటావు?" అన్నాను.

సరిగ్గా ఆ రోజే లక్ష్మి మొండికేసింది. టైపు చేసినంతసేపూ బాగానే ఉంటుంది. ప్రింటు ఇవ్వగానే గడియారం గుర్తు కాసేపు తిరిగి, ఒక బూడిదరంగు పెట్టె పైకొచ్చి, ప్రోగ్రాం మొత్తం మూసుకుపోతుంది. మళ్లీ తెరుస్తాను, మళ్లీ మూసుకుపోతుంది. ప్రింటరు తీగ పీకి పెట్టాను. కంప్యూటరు ఆపి మళ్లీ వేశాను. ఫాంట్లన్నీ తీసి మళ్లీ ఎక్కించాను. వైరస్ ఉందేమోనని వెతికాను. మామ చూడకుండా అంచు కూడా మార్చి చూశాను. మామ తన వంతుగా సీపీయూకు కుంకుమ బొట్టు పెట్టాడు. నిజం చెప్పొద్దూ, మొదటి రెండు మూడుసార్లు నాకు లోలోపల సంతోషంగానే ఉండింది. తర్వాత ఆమె ముఖం చూసి సిగ్గేసింది. సాయంత్రం బస్సుకు వాళ్ల నాన్న వచ్చి కార్డులు తీసుకుపోవాలి. మరునాడు మంచిరోజు, దేవుడి దగ్గర ఒకటి పెట్టి పంచడం మొదలుపెట్టాలి. ప్రింటు ఒక్కటి సరిగా వస్తే చాలు, వెనక గదిలోని మిషను గంటలో కార్డులన్నీ వేసేస్తుంది.

"కొత్త ఫైల్లో పది నిమిషాల్లో చేసిస్తా మామా" అన్నాను. "మన బిడ్డ కార్డుకు కొత్త ఫైలా? లక్ష్మిలో చేసిన పెండ్లి ఒక్కటన్నా చెడిందేమిరా? ఈ పాపది దాంట్లోనే పడాల" అని ఆయన గట్టిగా చెప్పేశాడు. చివరికి విసుగెత్తి, అన్నిటినీ ఒకేసారి ఎంచుకునే మీట నొక్కాను. ఎంచుకున్న ప్రతిదాని మూలల్లోనూ పడే నల్లచుక్కలు తప్ప, కార్డు మీద తెల్లకాగితమే కనిపించలేదు. అప్పుడు అర్థమైంది. మేం ప్రింటరుకు పంపుతున్నది ఒక్క కార్డు కాదు, కింద పడుకున్న పెళ్లిళ్లన్నీ. "బరువు ఎక్కువైంది మామా, కింద ఉండేవన్నీ తీసేయాల" అన్నాను. "తుడపాకు!" అని అరిచాడు. "తుడపను, ఇంకో ఫైల్లోకి మారుస్తా" అన్నాను. ఆయన ఆలోచించి, "కాపురం మార్చినట్లే గదా, తప్పేం లేదు. ఎవురెవురిని మారుస్తాండావో నేనూ చూస్తా" అని కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ కింద ఎవరెవరు ఉన్నారో.

పైనుంచి ఒక్కో డబ్బా తీస్తుంటే మామ పేర్లు పైకి చదివి మురిసిపోతున్నాడు. "వీళ్లకు కవలపిల్లోళ్లు. మొన్న బస్టాండులో కనపడిరి." "ఈయప్ప నిఖా అయిన రెండో నెల్లోనే కువైట్ పోయినాడు. ఆయమ్మ మన షాపు ముందర నిలబడే ఫోన్లో మాట్లాడేది, శానా మంచి బిడ్డ." ఆయన మురిసేకొద్దీ నాకు చెమటలు పట్టాయి. మార్గశిరం అయింది, కార్తీకం అయింది. శ్రావణం పెళ్లిళ్లు అయ్యాయంటే దాని కింద ఆషాఢం ఉంటుంది, ఆషాఢంలో ఏముందో నాకే తెలుసు. పొద్దున్నుంచి ఇరవైసార్లు మూసుకుపోయిన ప్రోగ్రాం ఇప్పుడొక్కసారి మూసుకుపోతే బాగుండునని దేవుళ్లందరికీ మొక్కుకున్నాను (తెర మీదే ఉన్న వినాయకుడికి ప్రత్యేకంగా). అది మాత్రం ఎన్నడూ లేనంత చక్కగా పనిచేసింది.

శ్రావణంలో మొదటి పెళ్లి కార్డు కూడా తీశాక, అప్పటిదాకా మాట్లాడని ముద్దనూరు పాప, "మామా, నా కార్డులకు మంచి కవర్లు ఇస్తానంటివే, యాడ పెట్టినావు?" అంది. "అటక మీదుండాయి, దించుతా ఉండు" అని మామ వెనక గదిలోకి వెళ్లాడు. వెంటనే ఆమె కూడా లేచి, "నీళ్లు పట్టుకొస్తా. నువ్వు కానీ" అని బాటిలు తీసుకుని బయటికి నడిచింది. నా మొక్కు ఫలించిందని ఎంత సంబరపడ్డానో! గబగబా డబ్బా జరిపాను.

పేర్లు నేను పెట్టినట్లే ఉన్నాయి. వేదిక దగ్గర మాత్రం ఖాళీ లేదు. 'వధువు స్వగృహం, ముద్దనూరు' అని ఉంది. నేను పెట్టిన ఫాంటే, నేను పెట్టిన సైజే. ఆ షాపులో తెలుగు టైపు చేయగలిగినవాళ్లం ఇద్దరమే. దాని కింద ముహూర్తం గడి ఖాళీగా ఉంది. దాన్ని ఆమె నాకోసం వదిలింది. శ్రావణం నుంచి మాఘం దాకా ఎన్నిసార్లు ఈ డబ్బా ఎత్తి చూసుకుందో, నేనేమైనా రాశానేమోనని. నేనేమో తెలివిగా దాచానన్న ధీమాతో ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. తెర మీద అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్లు తుడుచుకుని, ఆ కార్డును కూడా మిగతావాటితోపాటు రెండో ఫైల్లోకి మార్చాను.

ఆమె నీళ్లతో తిరిగొచ్చి నా వెనక నిలబడింది. "అయిందా?" అంది. "అయింది." "తుడిచినావా?" "లేదు. మార్చినా." ఆమె నీళ్ల బాటిలు ప్రింటరు మీద పెట్టింది. "మంచిపని చేసినావు. ఇంక ప్రింటియ్యి, మా నాయనొచ్చే యాళైంది" అంది. అడుగున మిగిలినవి కూడా మార్చి ప్రింటు ఇచ్చాను. ఈసారి గడియారం గుర్తు రెండు తిరుగుళ్లు తిరిగిందో లేదో, కాగితం బయటికొచ్చేసింది. "చూస్తివా, లక్ష్మి అంటే లక్ష్మే!" అని మామ కవర్లతో సహా గంతేశాడు.

దేవుడికని ఒక కార్డు పక్కన పెట్టి, ఆమె రెండోది నాకిచ్చింది. పెళ్లికి పులివెందుల వెళ్లాను, ఓళిగలు (బొబ్బట్లే) కూడా తిన్నాను. పెళ్లికొడుకు మంచివాడు, నా చెయ్యి పట్టుకుని కార్డు శానా బాగా చేసినావన్నాడు. తిట్టుకోవడానికి ఒక్క వంకైనా దొరకనివ్వలేదు మహానుభావుడు.

ఇప్పుడు జమ్మలమడుగులో నాకే ఒక షాపుంది. శుభలేఖలు చాలావరకు ఫోన్లలోనే వెళ్లిపోతున్నాయి. మామ షాపు ఎత్తేసిన రోజు ఆ రెండో ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను. మొన్న ఒక మధ్యాహ్నం ఎందుకో మనసు లాగి తెరవబోతే, ఈ ఫైలు తెరవడం సాధ్యం కాదని వచ్చింది. ఆ పాత సాఫ్ట్‌వేరు ఇప్పటి కంప్యూటర్లలో ఎక్కదట. ఒకప్పుడు ఎవరైనా తెరుస్తారేమోనని వణికినవాణ్ని, ఇప్పుడు తెరుచుకోలేదని చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆ ఖాళీ గడి ముందు కూర్చున్న ఇరవై రెండేళ్లవాడు మాత్రం నాకు ఇంకా స్పష్టంగా కనిపిస్తాడు. ఒరే, ఇప్పటికైనా ముహూర్తం వెయ్యరా అంటే, తల గోక్కుని, ఏ ఫాంటు పెట్టమంటావని అడుగుతాడు.