సీసాలో తెల్లని నలుసులు

2023 వానాకాలం. రేపల్లె దగ్గర ఒక ఊరి అంగన్‌వాడీలో, ఐదో పాపకు సూది వేయబోతూ మందు సీసాను కిటికీ వెలుగుకు ఎత్తాను. పాప తల్లితో మాట్లాడుతుండగా సీసా కాసేపు కదలకుండా ఉంది. అందులో తెల్లని నలుసులు మెల్లగా, కలలో రాలుతున్నట్టు, అడుగుకు దిగుతున్నాయి. చూడడానికి ఎంతో అందంగా ఉంది. సిరంజిని ట్రేలో పెట్టేశాను.

అది పెంటావాలెంట్. ఐదు జబ్బుల నుంచి పసిపిల్లలను కాపాడే టీకా. చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. అందుకే ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకులను వెంటనే వ్యాక్సిన్ క్యారియర్ పెట్టెలో సర్దకూడదు. వాటికి చెమట పట్టి, ఊపితే లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వచ్చేదాకా ఆగాలి. దీన్నే కండిషనింగ్ అంటారు. బాపట్లలో నర్సింగ్ చదివేటప్పుడు మాకు నేర్పిన మొదటి పాఠాల్లో అదొకటి. ఆ ఉదయం తెనాలిలో మా చిన్నవాడికి జ్వరం. వాణ్ణి అత్తయ్యకు అప్పగించి, రైలు దిగి, మా ఆస్పత్రికి చేరి, ఆలస్యమైందన్న కంగారులో ప్యాకులను రాళ్ళలా ఉండగానే సర్దేశాను.

గడ్డకట్టి కరిగిన మందు ఇలా నలుసులుగా విడిపోతుంది, ఇక పనిచేయదు. అప్పటికే ఆ సీసాలోంచి నలుగురు పిల్లలకు వేశాను. రక్షణ ఉందనుకుని వాళ్ళ తల్లులు నిశ్చింతగా ఇళ్ళకు వెళ్ళిపోయారు.

ఐదో పాపకు మధ్యాహ్నం వేస్తానని చెప్పి పంపేసి, ఆ ఊరి ఆశా కార్యకర్త సుగుణక్కకు సీసా చూపించాను. ఆమెకు యాభై దాటాయి. చర్చిలో స్త్రీల కూడికను నడిపించేది ఆమే.

"అక్కా, ఎలాగూ వచ్చే నెల రెండో డోసు ఉందిగా. ఇప్పుడు చెబితే ఊళ్ళో ఇంకెవరైనా సూది వేయించుకుంటారా? నా ఉద్యోగం..."

సుగుణక్క నా చేతిలోని సీసావంక చూసింది. "చెప్పాలని నీకూ ఉందిలే అమ్మాయ్. లేకపోతే ఆ సీసా నాకెందుకు చూపిస్తావు? ముందు ఆస్పత్రిలో డాక్టరుగారికి ఫోన్ చెయ్యి."

చేశాను. డాక్టరుగారు సీసా నంబరు అడిగి రాసుకున్నారు. "బాక్సులోవన్నీ పక్కన పెట్టండి. కొత్త సీసా పంపిస్తాను. నలుగురికీ మళ్ళీ వేయాలి. రేపొచ్చి వివరణ రాసివ్వండి."

సీసా వచ్చాక ఐదో పాపకు వేసి బయలుదేరాం. వాన వెలిసింది. నాట్లు వేసిన మళ్ళలో నీళ్ళు ఆకాశమంత తెల్లగా ఉన్నాయి. కాలవగట్టు మీద నడుస్తుంటే నేల మీద ఉన్నట్టే లేదు.

"ప్రార్థన చేసుకుని వెళ్దామా అక్కా?"

"నడుస్తా చేసుకుందాం. మళ్ళీ పిల్లలు పడుకుంటారు."

మొదటింట్లో పిల్లాడి నానమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏంటేంటీ! పొద్దున గుచ్చింది ఉత్తదేనా? మరి మావోడు ఏడ్చిన ఏడుపు ఎవరు తిరిగిస్తారమ్మా?" అంటూనే మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత రెండిళ్ళలో విసుక్కున్నారు, కానీ వేయించుకున్నారు.

నాలుగో ఇంటాయన పడవ పనికి వెళ్ళే మనిషి. గుమ్మంలోంచి కదల్లేదు.

"తప్పు చేశానని నువ్వే చెప్తన్నావు. ఈసారి చెయ్యవని ఏంటి నమ్మకం?"

సుగుణక్క నన్ను వెనకేసుకు రాలేదు. "నాకూ తెలియదండి. అందుకే సీసా మీకు చూపించి వేస్తాను," అన్నాను.

అతని భార్య బిడ్డను ఎత్తుకుని బయటికొచ్చింది. సీసా తీసుకుని, నేను చెప్పినట్టు ఊపి, ఆకాశానికేసి ఎత్తి పట్టుకుంది. అందరం కాసేపు దానివంకే చూశాం. మందు పాలలా, ఒకే తీరుగా నిలిచింది. ఆమె భర్తవంక చూసింది. అతను తల ఊపాడు.

తిరిగొస్తుంటే అడిగాను. "నన్ను ఒక్క మాటన్నా అనలేదేంటక్కా?"

"అంటే నా మీద కోపంతో రైలెక్కేదానివి. ఇళ్ళకెవరు పోతారు?" అని నవ్వింది.

ఆదివారం బడిలో ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు మంచిగా ఉండాలని చెబుతున్నాను. ఒకరినొకరు మంచికి పురికొల్పుకోవాలని ప్రసంగాలూ విన్నాను. అదంతా మాటలతో అయ్యే పని అనుకునేదాన్ని. ఆ రోజు సుగుణక్క నాకు ఒక్క బైబిలు వాక్యమూ చదివి వినిపించలేదు. నాలుగు గుమ్మాల ముందూ నా పక్కన నిలబడింది. ఆమె రాకపోయుంటే నేను మొదటి గుమ్మం దాకా కూడా వెళ్ళేదాన్ని కాదు. ఇన్నాళ్ళ తర్వాత ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు అది తెలుసు.

ఆ మర్నాడు ఉదయం టిఫిన్ దగ్గర పిల్లలిద్దరికీ జరిగింది చెప్పాను. చిన్నవాడికి జ్వరం తగ్గింది, ఇడ్లీ నలుపుతూ వింటున్నాడు. పెద్దది కళ్ళు పెద్దవి చేసింది.

"నిన్ను తిట్టారా అమ్మా?"

"కొంచెం. మీరు ఎప్పుడైనా తప్పు చేస్తే నాకు చెప్పండి. నేనూ తిడతానేమో. కానీ ఎవరికి చెప్పుకోవాలో, వాళ్ళింటి దాకా మీతో వస్తాను."