తర్వాత ప్రయత్నించండి

కొన్నేళ్లుగా ఒక్క మాట నా లోపల అటూ ఇటూ తిరుగుతోంది. కుదురుగా కూర్చోనివ్వదు. పనిలో ఉంటే సరే, కాస్త ఖాళీ దొరికితే చాలు, లేచి వస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే ఇలా రాసేదాన్నా?

మాది కోస్గి. తెలంగాణ వచ్చిన కొత్తల్లో నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో సర్వర్లను పరీక్షించే ఉద్యోగం చేసేదాన్ని. కొన్ని ప్రైవేటు నర్సింగ్ కళాశాలలు కలిసి సీట్ల భర్తీకి మాతో వెబ్‌సైట్ చేయించుకున్నాయి. దరఖాస్తు, సర్టిఫికెట్లు, ఫీజు, హాస్టల్ దేనికదే వేరు. అన్నిటికీ కలిపి లాగిన్ మాత్రం ఒక్కటే. ఆ తలుపు తెరుచుకుంటే అన్నీ తెరుచుకుంటాయి, లేకపోతే ఏదీ లేదు. ఎంతమంది ఒక్కసారి తోసుకొచ్చినా ఆ తలుపు నిలబడుతుందా లేదా చూడటం నా పని. దాన్ని లోడ్ టెస్ట్ అంటారు. అసలు జనం రాకముందే ఉత్తుత్తి జనాన్ని తయారుచేసి సర్వర్ మీదికి తోలడం, అంతే.

తోలాను. సర్వర్ కూలబడింది. మళ్లీ తోలాను, మళ్లీ అంతే. మా మేనేజర్ నా కుర్చీ వెనక నిలబడి పళ్లు నూరుతున్నాడు. జబ్బు ఎక్కడుందో నాకు కొంత తెలుసు. ప్రతి లాగిన్‌కూ అది అవే వివరాలను మొదటినుంచి వెతుక్కుంటోంది. ఆ భాగం తిరగరాయాలి. దానికి వారమన్నా కావాలి, గడువు లేదు. అప్పుడు నేనొక అడ్డదారి తొక్కాను. ఒకే నెట్ కనెక్షన్ నుంచి రోజుకు కొందరికి మించి వస్తే, మిగతావాళ్లను వెనక్కి పంపేయమని సర్వర్‌కు చెప్పాను. వాళ్లకు కనిపించాల్సిన మాట కూడా నేనే రాశాను: తర్వాత ప్రయత్నించండి.

నా ఉత్తుత్తి జనమంతా మా ఆఫీసులోని నాలుగు యంత్రాల నుంచే వచ్చేవాళ్లు. కాబట్టి చాలామంది గుమ్మంలోనే ఆగిపోయారు. వెనక్కి పంపడం కూడా జవాబు కిందే లెక్క, అది రెప్పపాటులో అయిపోతుంది. సగటు వేగం ఒక్కసారిగా మెరుగుపడింది. తెరమీద అంతా పచ్చరంగు. మేనేజర్ నా భుజం తట్టి టీ తెప్పించాడు.

ఆ టీ తాగుతూనే నాకు యాదన్న కొట్టు గుర్తొచ్చింది. ఇదే, మీకు చెప్పాల్సింది ఇదే. గుర్తు రాలేదని అబద్ధం ఆడగలను, కానీ వచ్చింది. యాదన్నది కోస్గి బస్టాండ్ పక్కన ఇంటర్నెట్ సెంటర్. మా ఊళ్లో ఎవరి దరఖాస్తయినా ఆయన చేతి మీదుగానే వెళ్లేది. నా ఇంజనీరింగ్ సీటుకు కూడా ఆయనే కూర్చుని అన్నీ నింపాడు. ఊరంతటికీ కలిపి ఆయనది ఒకటే నెట్ లైను. నేను పెట్టిన నియమం ఆపేది దొంగలను కాదు, సరిగ్గా యాదన్నలాంటి వాళ్లను. తెలిసీ ఊరుకున్నాను. ఎందుకు? పచ్చరంగు చూసి మురిసిపోయినందుకా? మేనేజర్‌కు భయపడినందుకా? ఏ జవాబు చెప్పుకున్నా నామీద నాకే కోపం వస్తోంది.

దరఖాస్తుల గడువు చివరి రోజు మధ్యాహ్నం యాదన్న ఫోన్ చేశాడు.

"చెల్లె, జర నీతోని పనివడ్డది. గా నర్సింగు సైటు మీ కంపెనీదే గదా? పొద్దుగాల కొన్ని పోయినయి, గంతే. ఇగ ఎవలది కొట్టినా తర్వాత ప్రయత్నించండి అంటాంది. మా అక్క బిడ్డ సుజాతది గూడ పోతలేదు. నా కాడ ఏమన్న తప్పున్నదా?"

"ఇక్కడ మంచిగనే నడుస్తున్నదన్నా," అన్నాను. "నీ లైనే ఖరాబైనట్టున్నది. లైనోళ్లను అడుగు."

"గట్లనా? సరే, వాళ్లకే జేస్త. నువ్వేం ఫికర్ జెయ్యకు, నీ పని జూస్కో."

ఆయన ఫోనులో నెట్ ఉంది, అది వేరే కనెక్షన్. ఆ పిల్లది నీ ఫోన్‌లో కొట్టన్నా అంటే చాలు, వెళ్లిపోయేది. నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అంటే, ఎందుకని అడుగుతాడు. ఎందుకని అడిగితే చెప్పాలి. ఆయన సాయంత్రం దాకా లైను వాళ్ల చుట్టూ తిరిగాడని తర్వాత తెలిసింది. ఈలోపు గడువు ముగిసింది.

సుజాతకు సీటు పోయింది. మరుసటి ఏడు ఇంట్లో దరఖాస్తు పెట్టనివ్వలేదు. జడ్చర్లలో మాత్రల కంపెనీలో ప్యాకింగ్‌కు చేరింది. సీటు పోగొట్టుకున్న ఇంకొందరు పిల్లల తండ్రులు కొట్టు ముందుకొచ్చి యాదన్నను నానా మాటలన్నారట. కొన్నాళ్లకు సెంటర్ మూసేశాడు. నేను? గడువు దాటగానే ఆ నియమాన్ని చప్పుడు చేయకుండా తీసేశాను. తీరిగ్గా కూర్చుని ఆ భాగం తిరగరాశాను. ఈసారి సర్వర్ నిజంగానే నిలబడింది. అందరూ మెచ్చుకున్నారు.

మొన్న జడ్చర్ల బస్టాండ్‌లో యాదన్న ఎదురుపడ్డాడు. తప్పించుకుందామనుకున్నాను, ఆయనే పిలిచాడు. సుజాతకు టిఫిన్ డబ్బా ఇచ్చి పోదామని వచ్చాడట. మాటల్లో ఆ రోజు సంగతి ఆయనే ఎత్తాడు.

"నువ్వు జెప్పినంక గూడ ఆ లైనునే పట్టుకొని గూసున్న, చెల్లె. ఇంకో జాగకు తీస్కపోతే అయిపోతుండె. పోరి బతుకు నేనే ఖరాబ్ జేసిన."

నా అబద్ధాన్ని ఆయన ఇన్నేళ్లూ తన తప్పుగా మోస్తున్నాడు. బస్సు వచ్చింది. ఎక్కేశాను. కిటికీ పక్కన కూర్చుని చూస్తే, ఆయన డబ్బా చేతిలో పట్టుకుని నాకు చెయ్యి ఊపుతున్నాడు.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆయన నంబర్ నా దగ్గరుంది. ఇంకా చేయలేదు. చేస్తానో లేదో కూడా మీకు మాట ఇవ్వలేను. కానీ ఇన్నేళ్లు లోపల తిరిగిన ఆ మాట ఇవాళ మొదటిసారి బయటికి వచ్చింది, గుండె కొంచెం కుదుటపడింది. ఆ మాట ఇది: యాదన్నా, ఆ రోజు నీ లైను మంచిగనే ఉండె.