లోపలి గడియ

మదనపల్లె శివార్లలో, ఇల్లులేనివాళ్లకు కట్టబోయే చిన్న ఊరికి ప్లాన్ వేసే షకీలా కాగితాన్ని నమ్మదు. నేలమీద సున్నంతో గదులు గీసి, ఉండబోయేవాళ్లనే పిలిచి చూపిస్తుంది. ఆమె చెప్పులూ, దుపట్టా కొసా ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి. గోడ గీతను మాత్రం పొరపాటున కూడా దాటదు. వాకిలికి వదిలిన సందులోంచే వస్తుంది, పోతుంది. ఆరోజు, ఏళ్లుగా బస్టాండులో పడుకునే మునెప్ప వచ్చి గీతల బయటే నిలబడ్డాడు.

"గడియ యాడ పెడతాండావమ్మా, లోపలా, బయటా? బస్టాండుకు రాకముందు నేనుండిన సోట బయటినుంచి బీగం ఏసేవాళ్లు."

"లోపలే అప్పా. నీ సేతిలోనే ఉంటాది."

మునెప్ప సందులోంచి లోపలికి పోయి, వెనక్కి తిరిగి, గాల్లోనే గడియ పెట్టుకున్నాడు. షకీలాకు అతన్ని అడగాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. అయినా సందు బయటే ఆగి, లేని తలుపు తట్టింది.

"ఎవురూ?" అన్నాడు మునెప్ప.