పదిహేడో టేపు

మా పిన్ని మొండిఘటం. యాభై దాటిన ఆవిణ్ణి 'బుజ్జీ' అని పిలిచే ధైర్యం మా అమ్మమ్మ ఒక్కదానికే ఉండేది. జనం తమ బతుకుల గురించి చెప్పిన టేపులు ఆఫీసు నుంచి వస్తాయి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వాటిని పొల్లుపోకుండా టైపు చెయ్యడం, ఆనక రంగు పెన్సిళ్లతో గీతలు పెడుతూ చదవడం పిన్ని ఉద్యోగం. భయానికి ఎరుపు, కోపానికి పసుపు, ఒంటరితనానికి నీలం. ఆ గొంతులు పరాయివాళ్ల చెవిన పడకూడదని రూలు. అందుకే ఇంట్లో తన గదికి గడియ పెట్టుకునేది.

ఆ గడియ పెట్టిన తలుపు బయటే, పట్టపగలు, అమ్మమ్మ పోయింది. "పిలవలేదే! పిలిస్తే నాకు వినపడదూ?" అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది పిన్ని. అడగనివాళ్లకీ చెప్పింది. ఆ ఒక్క మాట పట్టుకునే బతికింది పాపం.

అదే ఆఫీసులో నాది కంప్యూటర్ పని. పిన్ని అర్థం వెతుకుతుంది, నేను ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్క తీస్తాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకరికి అందనిది రెండోవాళ్లకి దొరుకుతుంది. "నీ డబ్బాకి బుర్ర ఉందటే?" అని ఎకసెక్కాలాడేది.

ఈసారి వచ్చిన టేపులు కుట్టుపనివాళ్లవి. నలభై అయ్యాయి, ఇంకొకటి మిగిలింది. ఆ నలభైలోనూ ఉన్న మాటొకటి డబ్బా పట్టుకుంది: "తలుపు తియ్యి." పిన్ని పెన్సిల్ దానిమీద ఒక్కచోటా పడలేదు. తను టైపు చేసింది తన కంటికే ఆనలేదు.

టేపులన్నీ విన్నాను. ఎవరూ ఆ మాట అనలేదు. దాచేస్తే పోయేది, నా నోరు ఊరుకుంటేగా! పిన్నికి చూపించాను. ఆవిడ తేదీలు చూసింది. మొదటి పదహారింట్లో తలా ఒక్కసారే ఉంది. అమ్మమ్మ పోయిన రోజు చేసిన పదిహేడో దాంట్లో పదకొండుసార్లు ఉంది.

పిన్ని తన వేళ్లకేసి చూసుకుంది. "నా చెవికి ఎక్కలేదు, చేతికి ఎక్కింది. పిలిచిందే... పదకొండుసార్లు పిలిచిందే మా అమ్మ!"

మరి ఆ తర్వాతి ఇరవైమూడింట్లో పిలిచిందెవరని నేను అడగలేదు.

మర్నాడు సుత్తి తెచ్చి గడియ ఊడగొట్టింది. తలుపు బార్లా తెరిచి, "రామ్మా, లోపలికి రా," అని, మిగిలిన టేపు ముందు కూర్చుంది.

అది నా దగ్గరికి రాగానే లెక్క తీశాను. "తలుపు తియ్యి" లేదు. హమ్మయ్య అనుకున్నాను. చిట్టచివర, ఒక్కసారే వచ్చిన మాటల్లో, ఇంకొకటి కనపడింది: "వచ్చాను బుజ్జీ."

కాయితం పిన్ని చేతిలో పెట్టాను. చదివింది. పెన్సిళ్ల పెట్టె తెరిచి, అన్నీ వెతికి, ఏ రంగూ తియ్యకుండా మూసేసింది.