ఐదు, ఏడు, ఒక పూల టవల్

ల్యాప్‌టాప్ పక్కనుండే సన్నని చిల్లుల్లోంచి వేడిగాలి అరచేతికి తగిలినప్పుడల్లా నాకు సాబేరా ఆపా గుర్తొస్తుంది. ఆ గాలిలో కాలిన దుమ్ము వాసన, కొంచెం ప్లాస్టిక్ వాసన కలిసి ఉంటాయి. ఈ ఉదయం కూడా ఎంబ్రాయిడరీ మిషన్ పక్కన కూర్చుని, జ్వరం చూసినట్టు ల్యాప్‌టాప్‌కు అలాగే చెయ్యి పెట్టి చూశాను. ఈ అలవాటు ఆపాదే. ఆమె పోయి రెండేళ్లయింది. ఆమెను చూడనివాళ్లకు ఆమె ఎలాంటి మనిషో చెప్పాలంటే, నలభై రెండేళ్ల వయసులో నేను మొదటి అక్షరం రాసిన రోజుల నుంచి మొదలుపెట్టాలి.

అప్పుడు నేను పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసేదాన్ని. చిట్కుల్‌లో కిరాయి గదిలో ఉండేదాన్ని. మాత్రల నమూనాలను ట్రేలలో పెట్టి పరీక్షల గదికి చేర్చడం కూడా నా పనే. ఆ గదిలో తెల్లకోటు వేసుకుని సాబేరా ఉండేది. నాకు చదువు రాదు. ఏ ట్రే ఏ బ్యాచ్‌దో చీటీ రంగును బట్టి గుర్తుపట్టేదాన్ని. ఒకరోజు పసుపు చీటీలు అయిపోయి, అన్నిటికీ తెల్ల చీటీలే అంటించారు. నేను రెండు ట్రేలు తారుమారు చేసి ఇచ్చాను. ఆమె ట్రేల వంక చూసింది, నా వంక చూసింది.

“రంగు చూసి తెస్తున్నవా?”

తల ఊపాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

“ఇంకెవ్వరికన్న తెలుసా?”

“ఎవ్వరికి తెల్వదు మేడం.”

“మేడం ఏంది, అక్క అన్నట్టు ఆపా అను. రేపటి సంది అన్నం డబ్బా ఈడికే తెచ్చుకో.”

అలా మొదలైంది నా చదువు. పాడైన చీటీల వెనకవైపు నాకు పలక. “నీ ‘అ’కు పొట్ట జాస్తయింది, జెర తగ్గియ్యి” అని నవ్వేది. నవ్వుతూనే మళ్లీ రాయించేది. అంకెలు, తెలుగు అక్షరాలు, తర్వాత ఇంగ్లిషు అక్షరాలు. ఏడాదికి చీటీ మొత్తం చదవగలిగాను. దానితోపాటు ఆమె పని పద్ధతి కూడా నాకు పట్టుబడింది. రెండు నమూనాలు పోల్చేటప్పుడు రెండింటికీ అవే నీళ్లు, అదే గిన్నె, అంతే సేపు. కంటికి కనిపించింది వెంటనే కాగితం మీదికి రావాలి. “మనసు ఓ దిక్కుకు గుంజుతది, కాయితం గుంజది” అనేది. తాను చెప్పింది కూడా రాసి చూసుకోకుండా నమ్మవద్దనేది. అది మాత్రం నేను అంతగా పట్టించుకోలేదు. నాకు అక్షరాలిచ్చిన మనిషి మాటను పరీక్షించడమేమిటి అనుకునేదాన్ని.

కొన్నేళ్లకు ఆపా ఫ్యాక్టరీ మానేసి పటాన్‌చెరులో పాత ల్యాప్‌టాప్‌ల దుకాణం పెట్టుకుంది. ఆ తర్వాత ఫ్యాక్టరీలో ప్యాకింగ్‌కు కొత్త యంత్రాలు వచ్చి మా లైన్‌లో సగం మందిని తీసేశారు. వాళ్లలో నేనూ ఉన్నాను. అప్పటికి నాకు కొల్లూరు కాలనీలో ప్రభుత్వం ఇచ్చే ఇల్లు వచ్చింది. చేతికొచ్చిన పీఎఫ్‌తో ఒక పాత కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ కొని హాల్లో పెట్టాను. యూనిఫాం చొక్కాల జేబుల మీద కంపెనీ గుర్తులు కుట్టేదాన్ని. ఆ గుర్తును మిషన్‌కు అర్థమయ్యే కుట్లుగా మార్చడానికి మాత్రం ప్రతిసారీ వేరే దుకాణానికి పరుగెత్తి, వాళ్లకు తీరికయ్యేదాకా కూర్చోవలసి వచ్చేది.

ఒక శుక్రవారం యూనిఫాంలు అమ్మే సేటు కబురు పెట్టాడు.

“మూడొందల అంగీలున్నయ్ అంజమ్మా. ఒక్కొక్క దాని మీద ఒక్కొక్కని పేరు రావాలె. పేర్లను కుట్లుగ నువ్వే మార్చుకుంటనంటే సోమవారం వచ్చి తీస్కపో. లేదంటే సిటీకి పంపిస్త.”

ఆ పని పోతే నా మిషన్ ఊరికే పడి ఉంటుంది. నేను మళ్లీ లేబర్ కాంట్రాక్టర్ ముందు నిలబడాలి. నా మోకాళ్లు అందుకు ఒప్పుకోవు. అంతకంటే నేనే ఒప్పుకోను. కుట్లుగా మార్చడం ఆ దుకాణంలో కూర్చుని చూసి చూసి నేర్చుకున్నాను, లేనిది ల్యాప్‌టాప్ ఒక్కటే. నేరుగా ఆపా దుకాణానికి వెళ్లాను.

బల్ల మీద నాకు సరిపోయే ల్యాప్‌టాప్‌లు రెండు పెట్టింది. ఒకటి లావుపాటి పాతది, దాని మీద ఏడు అంకె ఉన్న స్టిక్కర్. ఇంకొకటి పలుచగా కొత్తగా మెరుస్తోంది, దాని మీద ఐదు. నేను వెంటనే ఏడు మీద వేలు పెట్టాను.

“పెద్దంకె సదివి ఆగినవా? పక్కన సన్నగ ఉన్నయ్ గద, అవి గుడ సదువు” అంది ఆపా. “అవి ఆ ప్రాసెసర్ ఎప్పటిదో చెప్తయ్. ఈ ఏడు ముసలిది. ఈ ఐదు నిన్నమొన్నటిది. పనిల ఐదే జోరు. ధర గుడ జాస్తే అనుకో. నన్నడిగితే ఐదు తీస్కో.”

సరేనన్నాను. ఆమె ఊరుకోలేదు. “నేను చెప్తే తీస్కుంటవా? రెండు గుడ ఇంటికి తీస్కపో. నీ పని పెట్టి చూడు. రాయి.”

శనివారం రెండింటి మీదా అవే పేర్లు కుట్లుగా మార్చాను. ఒక్కో పేరుకు ఎంతసేపు పట్టిందో గోడ గడియారం చూసి రాశాను. మొదట్లో ఐదుకు అర నిమిషం, ఏడుకు నిమిషం పైన. ఇరవై పేర్లు దాటేసరికి కథ మారింది. ఏడు ఎప్పటిలాగే నడుస్తోంది. ఐదు మాత్రం నిమిషానికి వచ్చింది, తర్వాత రెండు నిమిషాలకు పోయింది. ఆదివారం పొద్దున మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అంతే. ఆపాకు ఫోన్ చేశాను.

“ఆపా, నువ్వు చెప్పింది తప్పయింది. ఏడే మంచిగున్నది.”

“ఏమన్నవ్?”

“నేనంటలే ఆపా, నా కాయితం అంటున్నది.”

“ఏది కదిలియ్యకు. వస్తున్న” అంది.

బస్సెక్కి వచ్చింది. మంచినీళ్లు కూడా తాగకుండా రెండు ల్యాప్‌టాప్‌ల పక్కనా అరచెయ్యి పెట్టి చూసింది. తర్వాత కొత్తదాన్ని పైకెత్తి, కిందికి చూసి, నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడింది.

“అంజమ్మా, కొత్త పెండ్లికొడుకును కూసోబెట్టినట్టు కూసోబెట్టినవ్ గదనే!”

కొత్తదానికి గీతలు పడతాయని నేను దాని కింద పూల టవల్ నాలుగు మడతలు వేసి పరిచాను. పాతదాన్ని ఉత్త బల్ల మీదే పెట్టాను.

“దీనికి గాలి కింది చిల్లులకెళ్లి లోపలికి పోతది. ముక్కు మూసి ఉరుకుమంటే ఎట్ల ఉరుకుతది?”

సిగ్గుతో నా ముఖం వేడెక్కింది. “అయితే నేను రాసిందంత అబద్ధమేనా?”

ఆపా నవ్వు ఆపి కాగితం చేతిలోకి తీసుకుంది. పై నుంచి కింది దాకా చదివింది. “ఒక్క అంకె గుడ అబద్ధం గాదు. అన్ని సరిగనే రాసినవ్. టవల్ సంగతి రాయలే, అంతే.”

టవల్ తీసేసి మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఐదు చివరిదాకా అర నిమిషమే. ఏడు చివరిదాకా నిమిషం పైన. “చూసినవా?” అంది ఆపా. ఆమె గెలిచింది. నేను కాగితం మడవబోయి ఆగిపోయాను. ఇందులో నేను రాయనిది ఇంకేమున్నదని వెతికాను. ఎదురుగానే ఉంది. ఎంబ్రాయిడరీ మిషన్. దాని మీద ఒక చొక్కా పెట్టి, పేరు కుట్టేందుకు ఎంతసేపు పడుతుందో చూశాను. ఎనిమిది నిమిషాలు. అదీ రాశాను.

“ఆపా, మిషన్ ఒక పేరు కుట్టేలోపు ఏడు నంబర్ది ఇంకో పేరు తయారుచేసి ఖాళీగ కూసుంటది. ఐదు జెర ఎక్కువసేపు ఖాళీగ కూసుంటది. రెండిట్ల ఏది కొన్నా అంగీ ఎనిమిది నిమిషాలకే బయటికొస్తది. నేను ఏడే తీస్కుంట. మిగిలిన పైసలతోని మిషన్‌కు బ్యాటరీ పెట్టిస్త. కరెంటు పోయి నడుమల ఆగితే అంగీ ఖరాబయితున్నది.”

“రేపు నాలుగు మిషన్లు పెట్టినవనుకో?”

“నాలుగు పెట్టిననాడు నీ ఐదు కొంట.”

ఆపా నా కాగితాన్ని మళ్లీ చదివింది. కింద చివర రాసిన ఎనిమిది మీద వేలుంచి, “గిది నాకు తోచలే” అంది. ఇన్నేళ్లలో ఆమె నోట ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. కొత్త ల్యాప్‌టాప్‌ను సంచిలో పెట్టుకుని, ఏడును నా బల్ల మీదే వదిలి వెళ్లింది.

సోమవారం చొక్కాలు తెచ్చుకున్నాను. మూడు వందల పేర్లూ నేనే చదివి, నేనే ల్యాప్‌టాప్‌లో కొట్టి, నేనే కుట్టాను. కాంట్రాక్టర్ గేటు దగ్గరికి మళ్లీ పోలేదు.

ఇప్పుడు కాలనీలో ఎవరైనా వచ్చి ఏ ప్రాసెసర్ మంచిదని అడిగితే, మీ పనేమిటి, దాన్ని ఎక్కడ పెట్టుకుని చేస్తారు అని అడుగుతాను. నాకోసం ఏదైనా పోల్చి చూసుకునేటప్పుడు కాగితం మీద గళ్లు గీసి, అన్నిటికంటే కింద ఒక గడి అదనంగా వదులుతాను. నేను రాయనిదేదో వెతికి పట్టుకుని అందులో రాయాలి. ఆ గడి ఖాళీగా ఉన్నంతసేపు, పైన అంకెలు ఎంత ముచ్చటగా ఉన్నా, నేను ఏదీ తేల్చను.