గోడకు తగిలించిన బొంత

రాయచోటి బస్సులో నా ఒళ్లో స్పీకరు వైర్ల చుట్ట ఉంది. వైర్లు కొనడం అది మూడోసారి. రెండుసార్లు మార్చినా, మా ఇంట్లో సీడీ పెడితే పాట మాట తెలియకుండా ఖంగుమని మోగేది. పక్కన బొంతల మూటతో కూర్చున్న అవ్వ అదేమిటని అడిగితే, నా బాధంతా చెప్పుకున్నాను.

"ఇంట్లో కింద ఏమేసినావప్పా?"

"కడప బండలవ్వా. నున్నగా పాలిష్ పట్టించినా."

అవ్వ పకపకా నవ్వింది. "బండలింట్లో దగ్గినా మోగుతాది. వైర్లేం జేస్తాయి పాపం? కింద ఒక బొంత పరిచి, గోడకొకటి తగిలించి సూడు."

బేరం కోసమే చెప్తోందనుకుంటూనే రెండు కొన్నాను.

ఆ సాయంత్రం అవ్వ చెప్పినట్టే చేసి సీడీ పెడితే, మొదటిసారి పాడేవాడు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది.

ఇప్పటికీ చుట్టాలు పాట విని, "ఏం వైర్లప్పా ఇవి?" అని అడుగుతారు. నేను బొంత చూపిస్తాను. కొత్త చుట్ట ఇంకా విప్పనేలేదు.