కుడి మలుపు లేని దారి

మా అక్క పంతొమ్మిదేళ్లుగా ఒక లాండ్రీలో ఇస్త్రీ చేస్తోంది. ఇస్త్రీ గది నేలకింద ఉంటుంది. పదకొండు మెట్లు దిగాలి. కిటికీ లేదు. గోడకి పైన ఒక ఫ్యాను ఉంది. అది లోపలి ఆవిరిని బయటికి తోస్తుందని యజమాని నమ్మకం, బయటి వేడిని లోపలికి లాగుతుందని అక్క నమ్మకం. పొద్దున్న దిగితే మళ్లీ సాయంత్రం ఎక్కడమే. బయట వాన పడుతోందో లేదో మెట్లు దిగి వచ్చేవాళ్ల చెప్పులు చూసి తెలుసుకునేది. కాలరు చూసి మనిషి గుణం చెప్పగలదు గానీ, మధ్యాహ్నం రెండింటికి మా వీధి ఎలా ఉంటుందో అక్కకి తెలియదు.

అలాంటి అక్కకి నలభై ఆరో ఏట డ్రైవింగ్ మీదికి మనసు పోయింది. కారణం ఉంది. బట్టలు ఇళ్లకి చేర్చడానికి యజమాని ఒక చిన్న వ్యాన్ కొన్నాడు. "నడపడం వస్తే నువ్వే నడుపమ్మా. ఏ చొక్కా ఎవరిదో నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు," అన్నాడు. అక్క ఆ మాట పట్టుకుని మూడు నెలలు డ్రైవింగ్ స్కూలుకి తిరిగింది. రెండుసార్లు పరీక్షకి వెళ్లింది. రెండుసార్లూ తప్పింది. మూడోసారీ తప్పితే ఆర్నెల్ల దాకా పరీక్ష మైదానం గేటు తొక్కనివ్వరు. యజమాని అప్పటిదాకా ఆగే మనిషి కాదు. "శుక్రవారం నీ పరీక్ష. సోమవారం నాకు డ్రైవరు కావాలి. నువ్వైతే నువ్వు, లేకపోతే ఇంకొకరు," అని తేల్చి చెప్పేశాడు. శుక్రవారం పాసైతే మెట్లెక్కడం, తప్పితే మెట్లు దిగడం. అంతే సంగతి.

ఎందుకు తప్పిందో అక్కకి తెలుసు. ముందుకి చక్కగా నడుపుతుంది. రివర్స్ గేరు పడగానే చేతులు ఒకటి చెప్తాయి, కళ్లు ఇంకొకటి చెప్తాయి. కానీ మా ఇంట్లో తప్పిన మనిషిని అడిగి కారణం తెలుసుకునే అలవాటు లేదు. మొదటిసారి మైదానంలో కుడివైపు తిరగ్గానే ఇంజను ఆగింది కాబట్టి కుడి అచ్చిరాలేదని మా బావ తీర్పు. రెండోసారి బయల్దేరేముందు పక్కింటావిడతో "ఈసారి పాసవుతాను" అని నోరు జారింది కాబట్టి మాట అచ్చిరాలేదని అత్తయ్య తీర్పు. అత్తయ్య అంటే బావ వాళ్లమ్మ. అసలు పరీక్ష అనే మాటే వీధిలో ఎవరి చెవినా పడకూడదని, ఆవిడ దానికి 'పళ్ల డాక్టరు' అని మారుపేరు పెట్టింది. దాంతో అక్క పళ్లన్నీ ఊడిపోతున్నాయని వీధి వీధంతా జాలిపడింది. పక్కింటావిడ మెత్తగా ముగ్గిన అరటిపళ్లు పంపించింది.

ఇందులో నా పుణ్యమూ ఉంది. ఇక్కడ కొంచెం తల దించుకుని చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట నేను మొదటిసారికే పాసయ్యానని, అందుకు చేతికున్న గడియారమే కారణమని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ గడియారం సొరుగులోంచి లేచొచ్చింది. ముళ్లు ఎప్పుడో ఆగిపోయాయి. అత్తయ్య దాన్ని కొంగుతో తుడిచి అక్క చేతికి కట్టింది. మగవాళ్ల పట్టీ. మోచేతి దాకా వెళ్లి, మళ్లీ వేళ్ల దాకా వస్తోంది.

"తమ్ముడు మొదటి దెబ్బకే కొట్టుకొచ్చాడు. మాటలా," అంది అత్తయ్య.

నిజం చెప్పాలంటే అదే అదను. నేను టీ తాగాను.

శుక్రవారం పొద్దున్న అక్క లేచింది మొదలు, పరీక్షాధికారి మొదటి మాట చెవిన పడేదాకా నోరు విప్పకూడదని ఆజ్ఞ. ఇంటి నుంచి మైదానం పావుగంట దూరం. మధ్యలో రెండు కుడి మలుపులు. బావ రాత్రంతా కూర్చుని, ఒక్క కుడి మలుపూ లేని దారి కనిపెట్టాడు. కుడికి పోవాల్సిన చోట ఇంకాస్త ముందుకి పోయి, మూడుసార్లు ఎడమకి తిరిగితే సరిపోతుందట. ఆయనది పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం. ఊళ్లో ప్రతి సందు పేరూ, అందులో ఎన్ని గుమ్మాలున్నాయో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. కాకపోతే ఆయనకి తెలిసినవన్నీ కవరు మీది సందులు.

తొమ్మిదింటికి బయల్దేరాం. పరీక్ష పదింటికి. బావ పాత కారు. మెడనొప్పికి కట్టుకున్న పట్టీతో, విగ్రహంలా ఎదురుగానే చూస్తూ బావ నడుపుతున్నాడు. పక్కన అక్క. వెనక అత్తయ్య, గడియారం తాలూకు మనిషిగా నేను.

మూడు ఎడమ మలుపులు బాగానే గడిచాయి. నాలుగోది అద్దాల దుకాణం వెనక సందులోకి. అది కనబడగానే అక్క బావ చెయ్యి పట్టుకుని ఊపింది.

"భయపడకు. నేనున్నాను," అన్నాడు బావ.

అక్క తల అడ్డంగా ఊపి, రెండు చేతులతో గాలిని తవ్వి చూపించింది.

"ఏమిటిరా అది?" అత్తయ్య నన్నడిగింది.

"గరిటె తిప్పుతున్నట్టుంది. ఆకలేస్తోందేమో."

అక్క ఇక లాభం లేదని నోరు తెరిచింది. అత్తయ్య వెనక నుంచి చెయ్యి చాచి ఆ నోరు మూసేసింది. "మింగెయ్ తల్లీ. ఒక్క అరగంట ఓర్చుకో."

కారు సందులోకి దూరింది. రెండు పక్కలా గోడలు. కారు పక్క అద్దాలు మడిచి, మెల్లగా నలభై అడుగులు వెళ్లాక, ముందు గుంత. పైపుల కోసం సందు అడ్డంగా తవ్విపడేశారు. ముందురోజు సాయంత్రం అక్క ఇంటికి నడిచొస్తూ చూసింది దాన్నే.

"మరి చెప్పొద్దూ?" అన్నాడు బావ.

అక్క ఆయన వంక చూసింది. రంగు వదిలి పక్క బట్టలన్నీ పాడుచేసిన చొక్కాని చూసే చూపు అది.

తలుపులు నాలుగు వేళ్లు తెరుచుకుని గోడకి కొట్టుకున్నాయి. దిగడానికి లేదు. ముందుకి పోవడానికి లేదు. వెనక్కి పోవాలంటే బావ మెడ తిరగదు. మామూలుగా ఎవరో ఒకరు కారు వెనక నిలబడి డిక్కీ మీద తట్టుతూ ఉంటే ఆయన వెనక్కి వస్తాడు. ఇప్పుడు ఆ తట్టే వాళ్లందరం లోపలే ఉన్నాం. ధైర్యం చేసి ఒకసారి ప్రయత్నించాడు. కారు తోక గోడకి రాసుకుని, కీచుమంది. ఇంజను ఆగిపోయింది.

లోపల ఉక్క పెరిగింది. కిటికీ దింపితే గోడ. అత్తయ్య ఊపిరి నా భుజం మీద పడుతోంది. పై అంతస్తు కిటికీలోంచి ఒకావిడ తొంగి చూసింది.

"ఎక్కడికండీ ఇలా?"

"పళ్ల డాక్టరు దగ్గరికండీ," అంది అత్తయ్య, సర్వం మునిగినా మాట తప్పకుండా.

"నలుగురూనా?"

తొమ్మిదీ ఇరవై అయిదయింది. అక్క ఒళ్లో చేతులు పెట్టుకుని గుంతనే చూస్తోంది. ఆ కూర్చున్న తీరు నాకు తెలుసు. ఒకసారి ఏదో పని మీద మెట్లు దిగి వెళ్లినప్పుడు, మధ్యాహ్నం అన్నాల వేళ, ఇస్త్రీ బల్ల మీద అలాగే గోడకేసి చూస్తూ కూర్చుని ఉంది.

"ఒరే, నువ్వు ముందుకి రా," అన్నాడు బావ నాతో. "మొదటిసారికే పాసైనవాడివి. నీకిదెంత."

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. బావ మాత్రం అద్దంలోంచి. పారిపోదామంటే తలుపు నాలుగు వేళ్లే తెరుచుకుంటుంది.

"నేను మొదటిసారికి పాసవలేదు బావా. మూడోసారి."

అద్దంలో బావ కళ్లు పెద్దవయ్యాయి.

"రెండుసార్లు రివర్స్ దగ్గరే పోయింది. పాసయ్యాక మళ్లీ వెనక్కి నడిపే అవసరం రాకుండా చూసుకున్నాను."

"మరి గడియారం?" అంది అత్తయ్య.

"తప్పిన రెండుసార్లూ చేతికే ఉంది. పాసైన రోజు ఇంట్లో మర్చిపోయాను."

అత్తయ్య సీటులో నావైపు తిరిగింది. "అంటే ఇరవయ్యేళ్లుగా దరిద్రాన్ని సొరుగులో దాచి, తెచ్చి నా కోడలి చేతికి కట్టించావన్నమాట."

"కట్టింది మీరే అత్తయ్యా."

అక్క గడియారం ఊడదీసి, వెనక్కి తిరక్కుండానే నా ఒళ్లో పడేసింది. తర్వాత బావతో, "లేవండి," అంది.

"అయ్యో, మాట్లాడేశావే," అంది అత్తయ్య.

"అత్తయ్యా, పంతొమ్మిదేళ్లుగా కిటికీ లేని గదిలో ఉన్నాను. ఈ సందులో కూడా ఉండమంటే నావల్ల కాదు."

గొంతు పెంచలేదు. బావ సీటు బెల్టు విప్పాడు.

గేరు కడ్డీ మీదుగా భార్యాభర్తలు సీట్లు మారడం గురించి ఎక్కువ చెప్పను. మర్యాదస్తుల కుటుంబం. బావ మోకాలు హారన్ మీద పడి రెండుసార్లు మోగిందని, పై కిటికీలోని ఆవిడ లోపలివాళ్లని కూడా చూడమని పిలిచిందని మాత్రం ఒప్పుకుంటాను.

అక్క రివర్స్ వేసి వెనక్కి తిరిగింది. "ఇద్దరూ తలలు దించండి. మీరే కనబడుతున్నారు." అత్తయ్యా నేనూ మోకాళ్లలో తలలు పెట్టుకున్నాం. ఆ తర్వాత జరిగింది నేను చూడలేదు, విన్నాను. అక్క తనలో తను గొణుక్కుంటోంది. "అంచు చూడు. పెట్టెని చూడకు, అంచు చూడు." కొత్తగా పనిలో చేరిన పిల్లలకి ఇస్త్రీ పెట్టె వెనక్కి లాగడం నేర్పేటప్పుడు అనే మాటే అది. కారు జానెడు కదిలి ఆగింది. మళ్లీ జానెడు.

"కుడికా తిప్పుతున్నావ్?" అత్తయ్య మోకాళ్లలోంచి అడిగింది.

"అవును అత్తయ్యా."

అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

నలభై అడుగులకి పదకొండు నిమిషాలు. ఎడమ తలుపు మీద మూరెడు గీత. రోడ్డెక్కాక కూడా అక్క స్టీరింగు వదల్లేదు. తిన్నగా మామూలు దారినే, రెండు కుడి మలుపులూ తిరిగి వెళ్లింది. అయినా గుంత దగ్గర పోయిన పొద్దు తిరిగిరాలేదు. దారంతా లారీల వరస. మేం చేరేసరికి పదీ పది.

"పిలిచాం. పలకలేదు," అన్నాడు ఆఫీసు కిటికీలోంచి గుమస్తా. "రానివాళ్లు తప్పినట్టే లెక్క."

"వచ్చాను కదండీ."

"ఆలస్యంగా వచ్చారు. ఎవరైనా రాకపోతే ఆ ఖాళీలో చూస్తాం. గ్యారంటీ లేదు."

"నిలబడతాను," అంది అక్క.

ఆయన కిటికీ ముందే నిలబడింది. పదకొండయింది. పన్నెండయింది. చుట్టూ మాలాంటి వాళ్లే. ఒకాయన కారు చుట్టూ లెక్కపెట్టి తొమ్మిదిసార్లు తిరిగాడు. ఒకమ్మాయి తాళంచెవిని గుప్పిట్లో పెట్టుకుని ఊదుతోంది. అత్తయ్య వాళ్లని, బట్టల దుకాణంలో పక్కవాళ్ల బేరం చూసినట్టు చూస్తోంది.

"ఆ ఊదడం మంచిదేనంటావా?"

"అత్తయ్యా, మీకు దండం పెడతాను," అన్నాను.

బావ అక్క దగ్గరికి వెళ్లి కూర్చోమన్నాడు. "కూర్చుంటే కనబడను," అంది. ఒంటి గంటకి కిటికీ మూసి గుమస్తా భోజనానికి వెళ్లాడు. మూసిన కిటికీ ముందు కూడా అలాగే నిలబడింది. ఒకటిన్నరకి తలుపు తీసి, ఎదురుగా అదే మొహం చూసి, ఆయన చేతిలో కాగితాలు తిరగేశాడు. "ఒకరు రాలేదు. వెళ్లండి," అన్నాడు, అక్క పాసవుతుందో లేదో గానీ, ముందు తన కిటికీ ఖాళీ అయితే చాలన్నట్టు.

ఊచల బయటి నుంచి చూశాం. గేటు దగ్గర కుడికి తిరిగింది. అత్తయ్య కళ్లు మూసుకుంది. తర్వాత కర్రల మధ్యకి వెనక్కి రావాలి. జానెడు కదిలింది, ఆగింది. మళ్లీ జానెడు. పరీక్షాధికారి ఆవులించి చేతిగడియారం చూసుకున్నాడు. ఒక్క కర్రా పడలేదు. దిగి, కాగితం మీద ఏదో గీకి అక్క చేతిలో పెట్టాడు.

"పాసేనా?" బావ అడిగాడు.

అక్క తలూపింది. ఇప్పుడు మాట్లాడొద్దని ఎవరూ చెప్పకపోయినా, మాట్లాడలేదు.

సోమవారం వ్యాన్ తాళాలు ఇస్తూ యజమాని ఒక మాటన్నాడు. "డెలివరీలు పన్నెండింటికల్లా అయిపోతాయి. ఆ తర్వాత కింద బల్ల దగ్గరికి వచ్చెయ్. కొత్త మనిషి దొరికేదాకానే."

"ఒప్పుకున్నావా?" ఆ సాయంత్రం ఇంట్లో బావ మండిపడ్డాడు.

"సగం రోజు బయటే కదండీ," అంది అక్క.

నాలుగు నెలలైంది. కొత్త మనిషి దొరకలేదు. ఎవరూ వెతుకుతున్నట్టు కూడా లేదు. అయితే పన్నెండింటికి అయిపోయే డెలివరీలు రెండో వారానికి ఒంటిగంట అయ్యాయి. నెల తిరిగేసరికి మూడు. మొన్న నా కోటు ఇవ్వడానికి వెళ్లినప్పుడు, నా ముందే యజమాని అడిగేశాడు.

"పదిళ్లకి ఇంతసేపేమిటమ్మా?"

"వేగంగా నడిపితే ఇస్త్రీ నలుగుతుందండి."

నలిగిన బట్ట ఇంటికి పంపకూడదని పంతొమ్మిదేళ్లుగా అక్కకి నూరిపోసింది ఆయనే. పాపం, ఏమనగలడు. ఇప్పుడు అక్క నాలుగున్నరకి మెట్లు దిగుతుంది, అయిదున్నరకి ఎక్కుతుంది. మిగిలిన ఆ గంటకి ఏం కారణం చెప్పాలో ఇంకా ఆలోచిస్తోంది.